చుట్టాల గొంగడి

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకొక పని అప్పగించారు. ఊళ్లు తిరిగి చేతివృత్తుల వాళ్ల మాటలు రాసుకురావాలి. కమ్మరి కొలిమి దగ్గర ఏ పనిముట్టును ఏమంటారు, మంగలి పొదిలో ఏముంటాయి, గొంగళ్లు నేసేవాళ్లు మగ్గంలో దేన్ని ఏమని పిలుస్తారు, అన్నీ తెలుగులో. దానికి మూడు గడుల కాగితాలు ఇచ్చారు. మాట, అర్థం, పూర్వచరిత్ర. నైజాం పోయిన మరుసటి ఏడాది అది. అప్పటిదాకా సూర్యాపేట కచేరీలో కాగితాలన్నీ ఉర్దూలో నడిచాయి. ఇకమీదట తెలుగులో నడవాలి, మాటలు పోగుచెయ్యండి అని పైనుంచి ఉత్తరువు వచ్చింది. నేను తర్జుమా గుమాస్తాను, ఇరవై రెండేళ్లవాణ్ణి. ఉర్దూలో చదువుకున్నాను, తెలుగు ఇంట్లో మాట్లాడేవాణ్ణి, ఇంగ్లీషు సొంతంగా నేర్చుకున్నాను. మూడు భాషల్లోనూ సమానంగా తడబడేవాణ్ణి.

తేలిక పని, షికారు పోయినట్టు పోయి రమ్మన్నారు అందరూ. కొత్తగా కొలువుల్లో చేరే పిల్లలకు ఒక మాట చెబుతాను. తేలిక పని అని పదిమంది అంటే కాస్త అనుమానించండి.

మా పెద్ద గుమాస్తా పేష్కార్ ఒక్కడే అలా అనలేదు. కచేరీలో అందరికన్నా పెద్దవాడు, గడ్డం నెరిసిన ముసల్మాను. సిరా ఆయనే కలిపేవాడు. బజారు సిరా ఆయనకు నచ్చదు. ఏవేవో పొడులు కలిపి వంకాయరంగు సిరా తయారుచేసేవాడు. ఎండితే నల్లగా కనిపిస్తుంది, తడి తగిలితే మళ్లీ వంకాయరంగు తేలుతుంది. వేలికి అంటితే వారంపాటు పోదు. నాకొక బుడ్డి నింపి ఇచ్చి అన్నాడు.

"బేటా, గొంగట్ల తినుకుంట ఎంట్రుకలు ఏరే పని ఇది. జర పైలం."

సూర్యాపేట నుంచి కోదాడ పోయే బాటలో, మునగాల పరగణా పొలిమేరకు ఇవతల ఒక ఊరుంది. మునగాల అంతకుముందు నైజాం నడుమ ఇంగ్లీషువాళ్ల ఇలాకా. తలదాచుకోవలసినవాళ్లకు ఆ పొలిమేర బాగా పనికొచ్చింది. అందుకే ఆ పక్క ఊళ్లంటే పటాలం వాళ్లకు నైజాం పోయినా అనుమానం పోలేదు. ఆ ఊళ్లో గొర్లు కాచుకుంటూ గొంగళ్లు నేసే ఇల్లొకటి ఉందని విని వెళ్లాను. ఇంట్లో ఇద్దరే, యాభై దాటిన మొగుడూ పెళ్లాలు. ఒక్క కూతుర్ని తుంగతుర్తి వైపు ఇచ్చారు.

నాకు కాలు ఒకచోట నిలవదు. ఒక్కో ఊళ్లో ఒక్కపూట కూర్చుని, నాలుగు ఊళ్లు చుట్టి, వారంలో తిరిగి రావాలని లెక్క వేసుకున్నాను. ఆ ఇంటి అరుగు మీద కూర్చుని మొదటి మాట అడిగాను.

"గొంగడి అంటే ఏంది పెద్దయ్యా?"

"గొంగడే."

"గట్ల గాదు. అర్థం చెప్పాలె."

"వాన పడ్డప్పుడు అడుగు, సెప్త."

"పోనీ, పూర్వచరిత్ర? ఎప్పటి నుంచి నేస్తున్నరు?"

"మా తాత నేసిండు. ఆయన తాత నేసిండు. అంతకు మునుపు సంగతి గొర్లనడగాలె."

ఇదంతా ఎలా రాసుకోవాలా అని చిరాకుపడుతుండగానే నాకు చలి మొదలైంది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. అరుగు మీదే ఒరిగిపోయాను. ఆ ఇల్లాలు లోపలికి పోయి దండెం మీద నుంచి ఒక గొంగడి తీసుకొచ్చి నా మీద కప్పింది.

వారం అనుకున్నవాణ్ణి పద్దెనిమిది రోజులు అక్కడ ఉండిపోయాను. రోజు విడిచి రోజు చలిజ్వరం. తగ్గిన రోజున లేచి పోబోతాను, గడప దాటేలోపు కాళ్లు వణుకుతాయి. కాలు కాలిన పిల్లిలా ఇంట్లోనే తిరిగేవాణ్ణి. తిరగలేనప్పుడు మగ్గం గుంట పక్కన కూర్చుని చూసేవాణ్ణి. ఆమె ఉన్ని వడికేది. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి గంజి కాసేది. బయట సాగదీసి కట్టిన పడుగు నూలుకు ఆయన ఆ గంజిని కుంచెతో పట్టించేవాడు. ఆ గంజి వల్ల కొత్త గొంగడి అట్టలా బిరుసుగా ఉంటుంది. కప్పుకొని పడుకోగా పడుకోగా మెత్తబడుతుంది.

అర్థం గడి నిండుతూ వచ్చింది. వాన పడ్డ రోజు ఆయన గొంగడిని ఒక మూల మడిచి తలమీద కొప్పెర వేసుకుని గొర్ల వెంట పోతూ, "గిది రాస్కో" అన్నాడు. ఇంకో రోజు ఇద్దరు అన్నదమ్ములు గట్టు తగాదాతో వస్తే గొంగడి పరిచి కూర్చోబెట్టాడు. దాని మీద కూర్చున్నవాడు అబద్ధం ఆడకూడదట. అదీ రాసుకున్నాను. రాసుకుంటుండగానే చెయ్యి వణికి సిరాబుడ్డి ఒరిగింది. నేను కప్పుకున్న గొంగడి అంచున రెండు వేళ్ల వెడల్పు తెల్ల ఉన్ని గీత ఉంది. కాగితం అంచుతోపాటు దాని మీదా రూపాయంత మరక పడింది. ఆమె బూడిద వేసి రుద్దింది. పోలేదు. నేను సిగ్గుపడ్డాను.

"పోనీ తియ్యి బిడ్డా, సుట్టాల గొంగడికి మరకలు గాకుంటె ఏమైతయి" అంది.

చుట్టాల గొంగడి. ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నాను. కొత్త కాపురం పెట్టినప్పుడు నేసే మొదటి గొంగడిని ఇంటివాళ్లు కప్పుకోరట. ఇంటికి వచ్చినవాళ్లకు కప్పడానికే దాన్ని దండెం మీద ఉంచుతారు.

"నాకంటె ముందు దీన్ని కప్పుకున్నదెవరవ్వా?"

"అది సెప్పద్దు. కప్పేటప్పుడు ఎవలని అడగం, లేసిపోయినంక ఎవలని సెప్పం. నువ్వు పోయినంక నీ సంగతి గూడ గంతే."

జ్వరం కళ్లతో అది గొప్ప మాటలా తోచింది. కాగితం మీద కొత్త వరసలో రాశాను. మాట, చుట్టాల గొంగడి. అర్థం, చుట్టం ఎవరని అడగకుండా కప్పేది.

సూర్యాపేటకు తిరిగి రాగానే టూరు డైరీ రాయాలి. పద్దెనిమిది రోజులు ఒకే ఇంట్లో పడుకున్నానని రాస్తే పని దొంగ అంటారు. కొత్త ప్రభుత్వం కచేరీలో ఒక్కొక్కరినీ జల్లెడ పడుతోంది. ఎవరు ఉంటారో ఎవరు ఊడతారో తెలియదు. అందుకని నాలుగు ఊళ్లు తిరిగినట్టు రాశాను. ఆ ఒక్క ముసలాయన చెప్పిన మాటలనే నాలుగు ఊళ్లకూ పంచాను. పని చక్కగా చేశావని పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

నెల తిరగకముందే పటాలం ఆ ఊళ్లో సోదా చేసింది. గొంగళ్లాయన్ని పట్టుకొచ్చి సూర్యాపేట క్యాంపులో పెట్టారు. పంచనామా తర్జుమాకు నా దగ్గరికే వచ్చింది. ఇంట్లో ఇద్దరు మనుషులు, పదకొండు గొంగళ్లు. పదకొండు మంది పడక అది అని పటాలం అధికారి లెక్క. నైజాం మీద తిరగబడి ఇంకా అడవుల్లో తిరిగేవాళ్లకు ఆ ఇల్లు ఆశ్రయమని ఆయన నమ్మకం. రుజువైతే ముసలాయన జైలుకు పోతాడు. ఎన్నాళ్లకు వస్తాడో ఎవరూ చెప్పలేని రోజులవి.

మర్నాడు పొద్దున్నే నన్ను దుబాసీ పనికి క్యాంపుకు పిలిచారు. వాకిట్లో గొంగళ్లు కుప్పగా పోసి ఉన్నాయి. ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె ఊరి నుంచి నడిచి వచ్చి గేటు దగ్గర నిలబడింది. అధికారి ఉత్తరాది మనిషి. కోపిష్టి కాదు కానీ తీరిక లేనివాడు. ఆమెను లోపలికి రానిచ్చి చెప్పుకోనివ్వమన్నాడు.

ఆమె నన్ను చూసింది. బిడ్డా అనలేదు.

"సారూ, ఆయనకు సెప్పు. నేసి పెట్టిన గొంగడి నిలవడతది. మనిషి పండిన గొంగడి నిలవడది. సూపిస్త."

ఒక గొంగడి తీసి నడిమికి మడిచి గుడిసెలా నేలమీద నిలబెట్టింది. నిలబడింది. రెండోది నిలబెట్టింది. మూడోది, నాలుగోది. కాపలా జవాన్లు దగ్గరికి వచ్చారు. ఒకడు వేలితో పొడిచి చూశాడు. వాకిట్లో ఎనిమిది నల్ల గుడిసెలు లేచాయి. గంజి బిరుసు పోనివి, ఏ మనిషీ కప్పుకోనివి, అమ్మడానికి పెట్టినవి అని నేను హుషారుగా తర్జుమా చేశాను. అధికారి మొహంలో నవ్వు కదిలింది. తొమ్మిదోది కూలబడింది. "గిది ఆయనది." పదోది కూలబడింది. "గిది నాది."

పదకొండోది కూడా కూలబడింది. దాని తెల్ల అంచు నావైపే పడింది. మరక నల్లగా కనిపిస్తోంది.

"అది?" అన్నాడు అధికారి.

"సుట్టాలది."

అతిథులది అని చెప్పాను. ఆయన నవ్వు పోయింది. ఈ రెండు నెలల్లో అది కప్పుకున్న అతిథి ఎవరో అడగమన్నాడు. అడిగాను. నా నోటితో నేనే అడిగాను.

"ఈ రెండు నెలలల్ల ఈ గొంగడి కప్పుకున్నదెవరు?"

ఆమె నన్ను సూటిగా చూసింది. ముసలాయన తల వంచుకుని నేలమీద పుల్లతో ఏదో గీస్తున్నాడు.

"సుట్టం పేరు అడగద్దు సారూ. మా ఇంట్ల సెప్పరు."

దాన్ని పొల్లు పోకుండా తర్జుమా చేశాను. నా ఉద్యోగ జీవితంలో అంత కచ్చితమైన తర్జుమా ఇంకోటి చెయ్యలేదు. ఆ చుట్టాన్ని నేనే అని ఒక్క మాట అనలేకపోయాను. అంటే డైరీ అబద్ధమని తేలుతుంది, కొలువు పోతుంది, అనుమానితుల ఇంట్లో పద్దెనిమిది రోజులు ఏం చేశావని నన్నే ఆ గోడ పక్కన కూర్చోబెడతారు. ఇవన్నీ ఒక్క క్షణంలో తోచాయి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆమె చెప్పదని నాకు తెలుసు. ఆ ధీమాతోనే నిలబడ్డానని ఒప్పుకుంటున్నాను.

అధికారి లేచాడు. అన్నీ మడిచి కట్టమన్నాడు. నేను వంగి పదకొండోదాన్ని అందుకున్నాను. మరక ఉన్న మూలను లోపలికి తిప్పి మడిచాను. తల ఎత్తితే ఆమె నా చేతులనే చూస్తోంది. ఆ తర్వాత ఊరి దారి పట్టింది.

మర్నాడు ఆయన్ని లారీలో కోదాడ పంపించారు. గొంగళ్ల మూట మాత్రం జాబితా రాయడానికని కచేరీకి వచ్చి అక్కడే ఉండిపోయింది.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే ఇప్పటికీ ఒళ్లు చిరచిరలాడుతుంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. కచేరీ నుంచి బస్టాండుకు నడిచేవాణ్ణి. కోదాడ బస్సు వచ్చేది, పోయేది, నేను వెనక్కి వచ్చేవాణ్ణి. అన్నం సయించలేదు. గొంగళ్లు అనే మాట ఎవరి నోట విన్నా నా సంగతే మాట్లాడుతున్నారేమోనని ఉలిక్కిపడేవాణ్ణి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకపోయినా పేష్కార్‌తో నా టూరు ముచ్చట్లు చెప్పడం మొదలుపెట్టాను. ఆ ఊళ్లో ఇలా, ఈ ఊళ్లో అలా అని. ఆయన వినేవాడు.

ఆరో రోజున మూట జాబితా చూడడానికి ఆయన గొంగళ్లు విప్పాడు. ఎనిమిది పక్కన పెట్టాడు, రెండు పక్కన పెట్టాడు. పదకొండోదాన్ని విప్పి మూల చూశాడు. చూపుడు వేలు నాలుకకు తడి చేసుకుని మరక మీద అద్దాడు. వేలికి వంకాయరంగు అంటింది. ఆ వేలు నాకేమీ చూపించలేదు. రుమాలుతో తుడుచుకున్నాడు.

"పేష్కార్ సాబ్..." అన్నాను.

"నాకేం చెప్పకు బేటా. సిరా నాది. మరక నాది గాదు."

కాసేపు కాగితాలు సర్దుకున్నాడు. తర్వాత ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "ఖైదీ ఎంట సామాను పోవాలె. మర్సిపోయి పోయిన్రు. ఎవలన్న తీస్కపోతె మంచిగుంటది."

"నేను పోత" అన్నాను. నా కాగితాల కట్ట, డైరీ, సిరాబుడ్డి కూడా సంచిలో పెట్టుకున్నాను.

కోదాడలో దిగేసరికి వాన. క్యాంపులో అడిగితే ముందురోజే మిర్యాలగూడ పంపించేశామన్నారు. కేసు అక్కడ తేలుస్తారట. తేలితే ఇక పెద్ద జైలే. బస్సుల దగ్గర టీ కొట్టాయన్ని లారీ గురించి అడిగాను.

"మిర్యాలగూడెం లారీ ఇందాకే వెళ్లిపోయిందండి. మళ్లీ రేపే. కూర్చోండి, ఏవిటండీ అలా తిరుగుతారు?"

కూర్చోలేకపోయాను. వానలో హుజూర్‌నగర్ బాట పట్టి నడిచాను. ఒక బండివాడు కొంతదూరం ఎక్కించుకున్నాడు. తర్వాత వడ్ల బస్తాల లారీ ఒకటి దొరికింది. తలమీద పదకొండు గొంగళ్లున్నాయి, జిల్లాలో వానకు అంతకన్నా మంచి అడ్డం లేదు. ఒక్కటి తీసి కప్పుకుంటే సరిపోయేది. చెయ్యి రాలేదు. బండివాడు నన్ను పిచ్చివాణ్ణి అనుకుని ఉంటాడు.

మిర్యాలగూడలో విచారణ చేసేది ఒక తెలుగు అధికారి. పెద్దవయసు, కళ్లద్దాలు. తడిసి ముద్దయిన నన్ను చూసి కూర్చోమన్నాడు. నిలబడే చెప్పాను.

"ఆ పదకొండో గొంగడి కప్పుకున్న చుట్టం నేనేనండి."

డైరీ అడిగి తీసుకుని నిదానంగా చదివాడు. "దీని ప్రకారం ఆ రోజుల్లో నువ్వు నాలుగు ఊళ్లలో ఉన్నావు కదా."

"అది అబద్ధమండి."

"రాసింది అబద్ధమైతే చెప్పేది నిజమని ఎట్లా నమ్మాలి?"

మూట విప్పి ఆ మూలను బల్ల మీద పరిచాను. నా జుట్టు నుంచి నీళ్లు కారి మరక మీద పడ్డాయి. వంకాయరంగు తేలింది. కాగితాలు పక్కన పెట్టాను. గొంగడి పరిచి కూర్చున్నవాడు అబద్ధం ఆడకూడదని రాసిన పేజీ అడుగున అదే సిరా, అదే ఒలికిన గుర్తు. సగం కాగితం మీద, సగం గొంగడి మీద. ఆయన కాగితాన్ని అంచుకు ఆనించి చూశాడు. రెండు సగాలూ కలిశాయి.

"సూర్యాపేటలో నిన్నే కదా దుబాసీగా పెట్టింది?"

"నన్నేనండి."

"అప్పుడెందుకు చెప్పలేదు?"

"భయపడ్డానండి."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. నా వాంగ్మూలం నా చేతనే రాయించి సంతకం పెట్టించాడు. మర్నాడు మధ్యాహ్నం ముసలాయన్ని వదిలిపెట్టారు.

లారీలో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయనే అడిగాడు.

"జరం మల్ల వచ్చిందా?"

లేదన్నాను. "నీకు తెలుసు గద పెద్దయ్యా. నా పేరు చెప్తె గప్పుడే వదిలిపెడుదురు. ఎందుకు చెప్పలె?"

"సెప్పేదుంటె గొంగడి కప్పుడెందుకు?"

ఆయన దాన్ని గొప్పగా చెప్పలేదు. గొర్లకు నీళ్లెందుకు పెడతావంటే ఎలా చెబుతాడో అలాగే చెప్పాడు. ఆ తర్వాత గొర్లను ఎవరు చూస్తున్నారో, వానకు ఎన్ని పోయాయో అని ఊరు వచ్చేదాకా ఆదుర్దా పడుతూనే ఉన్నాడు.

ఇంటికి చేరాక ఆమె మొగుణ్ణి తల నుంచి కాళ్లదాకా ఒకసారి చూసి, కాళ్లకు నీళ్లిచ్చింది. నాకూ ఇచ్చింది. ఇద్దరికీ జొన్న గటక పెట్టింది. తినేదాకా ఏమీ అడగలేదు. మొగుడు జరిగింది చెబుతుంటే విన్నది. తర్వాత మూట విప్పి ఎనిమిదింటిని మూలకు పేర్చింది. తమ రెండింటినీ వానకంపు పోవాలని ఆరేసింది. పదకొండోదాన్ని మళ్లీ దండెం మీద వేస్తుందని చూస్తున్నాను. వెయ్యలేదు. మడతపెట్టి నా ముందు పెట్టింది. మరక ఉన్న మూల పైకే ఉంది.

"పేరు బయటవడ్డది. ఇగ ఇది సుట్టాలకు పనికిరాదు. నీదే, తీస్కపో సారూ."

"తప్పైంది అవ్వా" అన్నాను.

"అయింది" అంది ఆమె.

ముసలాయన అప్పటికే మగ్గం గుంటలోకి దిగాడు. చుట్టాల కోసం ఇంకోటి నెయ్యాలి కదా అన్నాడు. ముప్పై ఏళ్లు ఎందరెందరినో కప్పిన గొంగడి అది. అంతమందిలో ఒక్కడి పేరూ బయటికి రాలేదు, నాది తప్ప. దాన్ని భుజాన వేసుకుని బాట ఎక్కాను. మంచిపని చేసి వస్తున్నానన్న తృప్తి ఉంటుందనుకున్నాను. లేదు. సిగ్గే ఉంది.

దొంగ డైరీ రాసినందుకు నన్ను కొలువులోంచి తీసేశారు. ఏడాది తిరిగాక మనుషులు చాలక మళ్లీ పిలిచారు. అప్పటికి పేష్కార్ లేడు, ఆయన్నీ జల్లెడలో తీసేశారు. నా మాటల కాగితాలు ఇంకెవరో పూర్తిచేశారు. కొన్నేళ్లకు ఆ జాబితా కచేరీకి వచ్చింది. గొంగడి, ఉన్నితో నేసిన కంబళి అని ఉంది. పూర్వచరిత్ర గడిలో గీత కొట్టారు. చుట్టాల గొంగడి అనే మాట అందులో లేదు. నేను రాసిన అర్థం సగమే కనుక లేకపోవడమే మంచిదనిపించింది. అడగకుండా కప్పేది అని రాశాను. కప్పినవాళ్లు చెప్పరు, కప్పుకున్నవాడే చెప్పాలి అన్న మిగతా సగం నేను రాయలేదు.

తర్వాత ముప్పై ఏళ్లకు పైగా చాలా బల్లల ముందు కూర్చుని చాలామంది మాటలు తర్జుమా చేశాను. ఎక్కడ పని చేసినా ఆ గొంగడి వెంట ఉంది. ఇప్పుడు అంచులు చిరిగి, వెలుతురు కనపడేంత పలచబడింది. వాన రోజుల్లో మరక ఇంకా కాస్త వంకాయరంగు తేలుతుంది. ఇంటికి వచ్చినవాళ్లు ఆ మరక ఎవరి పని అని అడుగుతారు. నాదే అంటాను. ఇప్పుడు వెంటనే చెబుతాను. మొదటిసారి చెప్పడానికి వారం పట్టింది, ఆ వారం ఆయన ఖైదులో ఉన్నాడు.